రెండు రోజుల శిబిరంతో చేతులు దులుపుకోకండి: డైవర్సిటీ రిట్రీట్ల తీరుపై కళాశాలల అధిపతులకు బహిరంగ లేఖ

కళాశాలల ప్రిన్సిపాళ్లకు, విద్యార్థి వ్యవహారాల డీన్లకు, డైవర్సిటీ రిట్రీట్లు నిర్వహించే సంస్థల వారికి,

నమస్కారం.

మేము కళాశాల విద్యార్థుల కోసం డైవర్సిటీ రిట్రీట్లలో చర్చలు నడిపించే ఫెసిలిటేటర్లం, ఆ ఫెసిలిటేటర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లం. కులం, మతం, రంగు, భాష, జెండర్, వైకల్యం, ఆర్థిక స్థితి వంటి తేడాలున్న విద్యార్థులను క్యాంపస్‌కు దూరంగా రెండు మూడు రోజులు ఒకచోట ఉంచి, మామూలుగా మాట్లాడుకోని విషయాలు మాట్లాడుకునేలా చేసే శిబిరాలివి. వీటికి మీరు నిధులు కేటాయిస్తున్నారు, తరగతుల నుంచి మినహాయింపు ఇస్తున్నారు. అందుకు కృతజ్ఞతలు. కానీ వీటిని నడిపే తీరులో ఉన్న లోపాల గురించి మేం రాసిచ్చిన సూచనలకు "పరిశీలిస్తాం" అన్న ఒక్క మాట తప్ప జవాబు రాలేదు. మరుసటి ఏడాది అదే షెడ్యూలు తేదీలు మార్చుకుని మళ్లీ వచ్చింది. అందుకే ఇప్పుడు నలుగురిలో రాస్తున్నాం.

మా ఫిర్యాదు సూటిగా చెబుతాం. ఈ శిబిరాల్లో కొత్త సంగతులు తెలుసుకునేది ఎక్కువమంది. అందుకు తమ గుట్టు విప్పాల్సి వచ్చేది కొద్దిమంది. ఎవరి పేరు చెప్పి శిబిరం పెట్టారో ఆ కొద్దిమంది వాళ్లే. ఆదివారం సాయంత్రం బస్సు దిగాక మిగతావాళ్లు "కళ్లు తెరుచుకున్నాయి" అంటారు. వీళ్లు మాత్రం సోమవారం క్లాసులో, తమ ఇంటి సంగతులన్నీ తెలిసిన నలభై మంది మధ్య కూర్చోవాలి. ఈ పరిస్థితి తప్పించలేనిదేం కాదు. ఎక్కడ తేడా వస్తోందో కింద ఒక్కొక్కటిగా రాస్తున్నాం.

1. ఒకచోట కూర్చోబెడితే చాలదు

వేర్వేరు వర్గాలవాళ్లు కలిసినప్పుడు దురభిప్రాయాలు తగ్గాలంటే ఏం కావాలో అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన నాలుగు షరతులు ఈ రంగంలో పనిచేసేవాళ్లకు కంఠతా వచ్చు. కలిసేవాళ్లు ఆ చోట సమాన హోదాలో ఉండాలి. ఉమ్మడి లక్ష్యం ఒకటి ఉండాలి. దాని కోసం పోటీ పడకుండా చేయీ చేయీ కలపాలి. పైవాళ్ల మద్దతు కళ్లకు కనిపించాలి. పెటిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో 515 అధ్యయనాల ఫలితాలను కలిపి చూశారు. వేర్వేరు వర్గాలవాళ్లు కలిసి మెలగడం వల్ల దురభిప్రాయాలు సాధారణంగా తగ్గుతాయని, ఈ షరతులకు తగ్గట్టు ఏర్పాటు చేసిన చోట ఇంకా ఎక్కువ తగ్గుతాయని తేలింది.

పోటీ పెడితే ఏమవుతుందో కూడా తెలియనిది కాదు. మనస్తత్వవేత్త ముజఫర్ షెరీఫ్ బృందం 1954లోనే ఓక్లహామాలోని రాబర్స్ కేవ్ పార్కులో 22 మంది అబ్బాయిలను రెండు జట్లు చేసి ఆటల పోటీలు పెట్టింది. కొద్ది రోజుల్లోనే వాళ్లు బద్ధశత్రువులయ్యారు. కలిపి భోజనం పెట్టినా, కలిపి సినిమా చూపించినా లాభం లేకపోయింది. భోజనాల దగ్గర తిండి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. నీటి సరఫరాలో వచ్చిన అడ్డంకి తొలగించడం, కదలని ట్రక్కును లాగడం లాంటి, రెండు జట్లూ పూనుకుంటే తప్ప కాని పనులు అప్పగించాకే మెత్తబడ్డారు. ట్రక్కును లాగింది, అంతకుముందు పోటీలో ఒకరికెదురుగా ఒకరు లాగిన తాడుతోనే. ఇంత తెలిసీ మన శిబిరాల్లో మొదటి సాయంత్రం ఇప్పటికీ జట్ల మధ్య పోటీలతోనే మొదలవుతోంది, గెలిచిన జట్టుకు బహుమతి కూడానూ.

సమాన హోదా అన్నది కాగితం మీద ఉంటే సరిపోదు. చర్చ అంతా ఒకే భాషలో, అది ధారాళంగా వచ్చినవాళ్ల వేగంతో సాగితే ఆ షరతు మొదటి పది నిమిషాల్లోనే పోతుంది. ప్రతి ప్రశ్న తర్వాత రెండు నిమిషాలు మౌనంగా రాసుకునే సమయం ఇవ్వండి. తమకు వచ్చిన భాషలో మాట్లాడనిచ్చి, పక్కనున్నవాళ్లతో అనువాదం చెప్పించండి. వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

2. ప్రివిలేజ్ వాక్: ఎవరి ఖర్చుతో ఎవరికి పాఠం?

పుట్టుకతోనో పరిస్థితులతోనో ఎవరికి ఎంత వెసులుబాటు దొరికిందో అడుగులతో చూపించే ఆట ప్రివిలేజ్ వాక్. దాదాపు ప్రతి శిబిరంలోనూ కనిపించే కార్యక్రమం ఇది. అందరినీ ఒక గీత మీద నిలబెడతారు. "ఇంట్లో చదువుకోవడానికి మీకంటూ ఒక గది ఉంటే ఒక అడుగు ముందుకు", "ఫీజు కట్టలేక చదువు ఆగిపోతుందేమోనని ఎప్పుడైనా భయపడి ఉంటే ఒక అడుగు వెనక్కి" అంటూ ఇరవై ముప్ఫై వాక్యాలు చదువుతారు. చివర్లో ఎవరెక్కడ ఉన్నారో తిరిగి చూసుకోమంటారు. ముందున్నవాళ్లకు ఒక కొత్త సంగతి తెలుస్తుంది. వెనకున్నవాళ్లకు తెలిసిన కొత్త సంగతేమీ లేదు. తాము ఎక్కడున్నదీ వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆపైన మైకు తీసుకెళ్లి చిట్టచివర నిలబడ్డ అమ్మాయి చేతికిచ్చి "అక్కడ నిలబడితే ఎలా అనిపిస్తోంది?" అని అడిగే ఫెసిలిటేటర్లు ఉన్నారు. ఇది గాయం కట్టు విప్పి అందరికీ చూపించి, మళ్లీ కట్టకుండా ఇంటికి పంపించడం.

అదే పాఠాన్ని ఎవరినీ బయటపెట్టకుండా చెప్పవచ్చు. పన్నెండు వాక్యాలు అచ్చువేసిన కాగితం, అందరికీ ఒకే రంగు, ఒకే రకం పెన్ను. పేరు వద్దు, అక్షరం ముక్క కూడా వద్దు. అవును, కాదు గడుల్లో టిక్కు మాత్రమే. చేతిరాత గుర్తుపట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కాగితాలు ఒకేలా మడిచి డబ్బాలో వేసి, బాగా కలిపి, తలా ఒకటి తీయమనాలి. తనది తనకే వచ్చినా ఎవరూ పైకి చెప్పరు. ఇక చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి ముందుకూ వెనక్కూ జరగాలి. వెనకబడింది ఎవరి జీవితమో తెలియదు, కానీ ఈ గదిలోనే ఉన్న ఎవరిదో అని తెలుస్తుంది. తెలియాల్సింది అంతవరకే. అయిపోగానే కాగితాలు అందరి ఎదుటే చించేయాలి.

వాక్యాల ఎంపికలో ఒక నియమం తప్పకూడదు. గదిలో కనీసం ఐదుగురికైనా వర్తిస్తుందన్న నమ్మకం లేని వాక్యాన్ని తీసేయండి. వీల్‌చెయిర్ వాడే విద్యార్థి ఒక్కరే ఉన్నప్పుడు "మెట్లెక్కలేక క్లాసు పోగొట్టుకున్నాను" అన్న వాక్యం పెడితే, కాగితం ఎన్ని మడతలు పెట్టినా ఒకటే. అన్నట్టు, అడుగులు వేయడం కూడా అందరికీ వీలయ్యే పని కాదు. నేల మీద నడిపించే బదులు బల్ల మీద గళ్ల కాగితం పరిచి గుండీలు జరిపించినా ఫలితం అదే.

ఇంకా ప్రమాదకరమైనవి, కళ్ల రంగును బట్టి రెండు వర్గాలుగా విడదీసి ఒక వర్గాన్ని తక్కువగా చూసే ప్రయోగానికి నకళ్లు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, 1968 ఏప్రిల్ 5న, అయోవా రాష్ట్రంలోని రైస్‌విల్‌లో జేన్ ఎలియట్ అనే టీచరు తన మూడో తరగతి పిల్లలతో దీన్ని మొదలుపెట్టారు. తర్వాత పాత్రలు తారుమారు చేసి, రెండు వైపుల అనుభవాన్నీ పిల్లలతో మాట్లాడించారు, రాయించారు. ఆమె పద్ధతి మీద కూడా విమర్శలున్నాయి. మన శిబిరాల్లోనైతే పాత్రలు మార్చడానికి, మాట్లాడించడానికి సమయం చాలక అవమానించే భాగం ఒక్కటే మిగులుతోంది. దీన్ని షెడ్యూల్లోంచి పూర్తిగా తీసేయమని కోరుతున్నాం.

3. గ్రూపుకు ఒకరు చొప్పున పంచకండి

నలుగురు బధిర విద్యార్థులు వచ్చారనుకోండి. నాలుగు గ్రూపులుంటే గ్రూపుకు ఒకరిని పంపడం న్యాయంగానే కనిపిస్తుంది. జరిగేది వేరు. గ్రూపులో ఒంటరిగా ఉన్న మనిషి ఆ వర్గానికంతటికీ ప్రతినిధి అయిపోతారు. "మీవాళ్లు ఇలాంటప్పుడు ఏమనుకుంటారు?" అన్న ప్రశ్న వాళ్ల మీదే పడుతుంది. ఇద్దరిద్దరిని రెండు గ్రూపుల్లో ఉంచి, మిగతా రెండు గ్రూపులను అలాగే నడపడం మేలు. ఒకే వర్గంలో ఇద్దరు వేర్వేరుగా ఆలోచిస్తారని మిగతావాళ్లకు అప్పుడే తెలుస్తుంది. ఈ పాఠం ఏ ఆటకన్నా గట్టిగా నిలుస్తుంది.

ఒకే గుర్తింపు ఉన్నవాళ్లను విడిగా కూర్చోబెట్టే సెషన్లకు మేం వ్యతిరేకం కాదు. కానీ నిర్వాహకులు జాబితా చూసి "మీరు ఆ గదికి, మీరు ఈ గదికి" అనడం తప్పు. బయట చెప్పుకోని గుర్తింపులుంటాయి. రెండు వర్గాలకూ చెందినవాళ్లుంటారు. గదులేమిటో ముందే షెడ్యూల్లో వేసి, ఎవరికి వాళ్లే ఎంచుకునే వీలివ్వాలి. ఏ పేరూ లేని గది ఒకటి తప్పకుండా ఉంచాలి.

4. ఇద్దరు ఫెసిలిటేటర్లు లేని గ్రూపు నడపకూడదు

మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1988లో మొదలైన, వేర్వేరు వర్గాలవాళ్లను కలిపి మాట్లాడించే ఇంటర్‌గ్రూప్ డైలాగ్ పద్ధతి ఇప్పటికీ మంచి కొలమానం. సుమారు 12 నుంచి 16 మంది గ్రూపు, వేర్వేరు నేపథ్యాల నుంచి వచ్చిన ఇద్దరు శిక్షణ పొందిన ఫెసిలిటేటర్లు, వారాల తరబడి సమావేశాలు. అందులో నాలుగు దశలు: నమ్మకం కుదరడం, తేడాలూ పోలికలూ తెలుసుకోవడం, వేడి పుట్టించే అంశాలు చర్చించడం, కలిసి చేయబోయే పని నిర్ణయించుకోవడం. వారాంతపు శిబిరాలు మొదటిదాన్ని గంటలో ముగించి నేరుగా మూడోదాంట్లోకి దూకుతున్నాయి. నాలుగోది బస్సు ఎక్కేటప్పుడు గుర్తొస్తుంది.

ఇద్దరు ఎందుకంటే, ఒకరు చర్చ నడుపుతుంటే రెండోవాళ్లు మాట్లాడనివాళ్లను గమనించాలి. ఎవరైనా లేచి బయటకు వెళితే వెంట వెళ్లేది రెండోవాళ్లు. ఒక్కరే ఉన్న గ్రూపులో ఏడుస్తూ వెళ్లినవాళ్లను వదిలేయాలి, లేదంటే పదకొండు మందిని వదిలేయాలి.

శిక్షణలో అన్నిటికన్నా తక్కువ సమయం దొరికేది అన్నిటికన్నా అవసరమైన నైపుణ్యానికే: ఎవరైనా నోరు జారినప్పుడు ఏం చేయాలన్నది. మేం నేర్పే వరస ఇది. చర్చను ఆపాలి. పది సెకన్లు మౌనంగా ఉండాలి. ఇది వినడానికి తేలికే గానీ, చేయడానికి చాలా కష్టం. అన్న మనిషిని "ఆ మాటతో మీరు చెప్పదలచుకున్నదేమిటి?" అని మామూలు గొంతుతో అడగాలి. ఉద్దేశం ఒకటి, ఆ మాట తగిలిన తీరు మరొకటి అని రెండిటినీ విడదీసి ఫెసిలిటేటరే చెప్పాలి. ఆ మాట ఎవరికి తగిలిందో వాళ్లవైపు తిరిగి "మీకెలా అనిపించింది?" అని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అడగకూడదు. తగిలించుకున్నది చాలక వివరణ కూడా వాళ్లే ఇవ్వాలా? ఆ రోజు ముగిసేలోగా ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలి. అన్న మనిషితో మాట్లాడటం మరిచిపోతుంటారు. అతను అందరిలో తలదించుకుని, కోపం మింగుకుని వెళ్తే శిబిరం ఒక శత్రువును తయారుచేసి పంపినట్టే.

ఇక ఈ పనంతా ఎవరు చేస్తున్నారు? చాలాచోట్ల సీనియర్ విద్యార్థులు, అందులోనూ చిన్నచూపుకు గురయ్యే వర్గాల నుంచి వచ్చినవాళ్లే, జీతం లేకుండా చేస్తున్నారు. ఒక పూట శిక్షణ, ఒక టీ షర్టు, ఒక సర్టిఫికెట్. రాత్రి ఫెసిలిటేటర్లు కూర్చుని ఆ రోజు బరువు దించుకోవడానికి అరగంట కూడా షెడ్యూల్లో ఉండదు.

5. రాత్రి పదింటి కన్నీళ్లను నమ్మకండి

బరువైన సెషన్లు ఉదయం పదింటికీ సాయంత్రం ఐదింటికీ మధ్యే ఉండాలి. భోజనాల తర్వాత దీపాలు తగ్గించి, చుట్టూ కూర్చోబెట్టి "మీ జీవితంలో ఎవరికీ చెప్పని బాధ చెప్పండి" అనే సెషన్ చాలా శిబిరాలకు ఇష్టమైన ఘట్టం. నిద్రలేమి, ముందువాళ్లు చెప్పారు గనుక తామూ చెప్పాలన్న మొహమాటం, మసక వెలుతురు ఇచ్చే ధైర్యం. అప్పుడు చెప్పిన మాటకు తెల్లారాక పశ్చాత్తాపపడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కన్నీళ్లొచ్చాయి గనుక సెషన్ బాగా జరిగిందనుకోవడం నిర్వాహకుల భ్రమ.

సమయం లెక్క ఇలా వేసుకోండి: కార్యక్రమానికి 20 నిమిషాలు పడితే తర్వాతి చర్చకు 40 నుంచి 60 నిమిషాలు. సెషన్లు ఆలస్యమైతే నిర్వాహకులు ముందుగా కోసేది ఈ చర్చనే. కోయాల్సి వస్తే కార్యక్రమాన్నే తీసేయండి. చర్చకూ వరస ఉంది. ముందు రెండు నిమిషాలు రాసుకోవడం, తర్వాత ఐదు నిమిషాలు ఇద్దరిద్దరు మాట్లాడుకోవడం, ఆపైనే అందరి ముందూ. ఏం జరిగింది, ఏమనిపించింది, బయట ఇలాంటిది ఎక్కడ చూశారు, ఇకమీద ఏం చేస్తారు అని నాలుగు ప్రశ్నలు. మొదటి మూడూ దాటేసి నాలుగోదానికి పరుగెడితే ఉపన్యాసాలే వస్తాయి.

చివరి రోజు కొత్త బరువేదీ ఎత్తకూడదు. మర్నాడు పరీక్ష ఉందా అన్నది తేదీ ఖాయం చేయకముందే చూసుకోవాలి; పండుగలు, ఉపవాసాలు కూడా. పార్ట్‌టైమ్ పనిచేసుకునే విద్యార్థికి వారాంతం అంటే కూలి పోవడమే. ఆరు వారాల ముందు తేదీ చెబితే షిఫ్టు మార్చుకోగలరు. పది రోజుల ముందు చెబితే రారు. రాకపోతే "ఆసక్తి లేదు" అని రాసుకుంటున్నారు.

6. "ఇక్కడి మాట ఇక్కడే" అని హామీ ఇచ్చే ముందు

మొదటి గంటలోనే అందరితో ఈ మాట అనిపిస్తారు. హామీకి హద్దులున్నాయన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఎవరైనా తనకు తాను హాని చేసుకుంటానన్నా, లైంగిక దాడి జరిగిందని చెప్పినా, పిల్లల మీద హింస గురించి చెప్పినా, చాలా సంస్థల నియమాల ప్రకారం ఫెసిలిటేటరు దాన్ని పైవాళ్లకు తెలియజేయాలి. ఇది తెలియక నోరు విప్పిన విద్యార్థి, మర్నాడు ఆఫీసు నుంచి పిలుపు వస్తే నమ్మకద్రోహం జరిగిందనే అనుకుంటారు. అందులో వాళ్ల తప్పేముంది? ఏ మాట చెబితే ఎవరికి చేరుతుందో ఒక్క పేజీలో రాసి, బస్సు ఎక్కకముందే చేతికివ్వండి. నియమాల నుంచి మినహాయింపు ఉన్న కౌన్సెలరెవరైనా ఉంటే వాళ్ల పేరూ అందులో రాయండి. ఆ కౌన్సెలరు శిబిరంలో ఉండాలి, కానీ ఏ గ్రూపులోనూ కూర్చోకూడదు.

ఫోన్లు లాక్కోవద్దు. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్లుంటారు. రికార్డింగ్ చేయకూడదన్న నియమం పెట్టి, సెషన్ సమయంలో ఫోన్లు ఒక బల్ల మీద పెట్టమంటే చాలు.

7. బలవంతం చేస్తే ఎదురు తిరుగుతుంది

హాజరు తప్పనిసరి, రానివాళ్లకు మార్కులు కోత అన్న నోటీసులు చూస్తున్నాం. 2016లో ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 800కు పైగా అమెరికన్ కంపెనీల మూడు దశాబ్దాల సమాచారాన్ని విశ్లేషించి రాశారు. మేనేజర్లకు డైవర్సిటీ శిక్షణను తప్పనిసరి చేసిన చోట ఐదేళ్ల తర్వాత చూస్తే, మేనేజర్లలో నల్లజాతి మహిళల వాటా పెరగకపోగా సగటున 9 శాతం తగ్గింది. కంపెనీ వేరు, కళాశాల వేరు, ఒప్పుకుంటాం. కానీ మెడ మీద చేయి వేసి తోస్తే మనసు మారదన్నది రెండుచోట్లా ఒకటే.

2007లో డెలావేర్ విశ్వవిద్యాలయం హాస్టళ్లలో నడిపిన కార్యక్రమం గుర్తుచేసుకోండి. విద్యార్థులను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి "మీ లైంగిక గుర్తింపు మీకెప్పుడు తెలిసింది?" లాంటి ప్రశ్నలు అడిగారు. దుమారం రేగి, ఆ నవంబరులో కార్యక్రమాన్నే నిలిపేశారు. అడిగినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. జవాబు చెప్పకుండా ఉండే హక్కు ఉందని విద్యార్థికి ఎవరూ చెప్పకపోతే ఆ మంచి ఉద్దేశం ఎందుకూ కొరగాదు.

"పాస్" అన్న ఒక్క మాటతో ఏ ప్రశ్ననైనా, ఏ కార్యక్రమాన్నైనా దాటేసే హక్కు అందరికీ ఉండాలి. కారణం అడగకూడదు. ఫెసిలిటేటరే మొదటి గంటలో ఒకసారి తాను "పాస్" అని చూపించాలి. లేకపోతే ఆ హక్కును ఎవరూ వాడరు.

8. మెట్లు, మైకు, మంచం

క్లుప్తంగా చెబుతాం, ఎందుకంటే ఇవి చర్చించాల్సినవి కావు, చేయాల్సినవి. స్థలం బుక్ చేసే ముందు ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. ఫోటోల్లో మెట్లు కనిపించవు. గది నుంచి భోజనశాలకు, అక్కడి నుంచి మరుగుదొడ్డికి మెట్లు లేని దారి ఉందా? తలుపులో వీల్‌చెయిర్ పడుతుందా? "నా గొంతు పెద్దదే, మైకు అక్కర్లేదు" అనేవాళ్లకు కూడా మైకు ఇవ్వాలి. వినికిడి సమస్య ఉన్నవాళ్లు చేయెత్తి అడగాల్సిన పరిస్థితి రాకూడదు. సంజ్ఞాభాష దుబాసీలు ఇద్దరుండాలి, సుమారు ఇరవై నిమిషాలకొకసారి మారుతుంటారు; వాళ్లకు సెషన్ కాగితాలు వారం ముందే పంపాలి. ప్రతి వంటకం పక్కన దానిలో ఏమేం వేశారో రాసిపెట్టాలి. ప్రార్థనకు ఒక గది, ఊరికే ఒంటరిగా కూర్చోవడానికి ఇంకో గది. పై మంచం ఎక్కలేనివాళ్లెవరో, ఎవరితో గది పంచుకోవడం ఇబ్బందో దరఖాస్తు ఫారంలోనే అడగాలి, అక్కడికెళ్లాక అందరిలో కాదు. మధ్యలో వెళ్లిపోవాలనుకునేవాళ్లకు ఒక వాహనం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. వెళ్లే దారి లేనిచోట "పాస్" హక్కు ఉత్తమాటే.

9. ఫోటోలు, ఫీడ్‌బ్యాక్ ఫారాలు

2000లో విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయం తన దరఖాస్తు పుస్తకం ముఖచిత్రంపై, ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్న తెల్లజాతి విద్యార్థుల గుంపులో ఒక నల్లజాతి విద్యార్థి ముఖాన్ని అతికించి అభాసుపాలైంది. ఫోటో మార్చకపోయినా, శిబిరానికి వచ్చిన కొద్దిమంది ముఖాలనే ఏడాది పొడవునా బ్రోచర్లలో వాడుకుంటే జరిగేది దాదాపు అదే. ప్రతి ఫోటోకూ విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. దరఖాస్తు ఫారం అడుగున చిన్న అక్షరాల్లో పెట్టించుకున్న సంతకం చెల్లదు.

ఫీడ్‌బ్యాక్ విషయానికొస్తే, చివరి రోజు మధ్యాహ్నం అందరూ కౌగిలించుకుంటున్నప్పుడు పంచే ఫారం ఆ క్షణపు ఆత్మీయతను కొలుస్తుంది, మార్పును కాదు. పాలక్, గ్రీన్ అనే పరిశోధకులు 2009లో దురభిప్రాయాలు తగ్గించే ప్రయత్నాలపై 985 నివేదికలను పరిశీలించి, కారణాన్ని గట్టిగా నిరూపించగల క్షేత్ర ప్రయోగాలు వాటిలో చాలా తక్కువని రాశారు. మన ఫారాలు ఆ పరీక్షకు అసలే నిలబడవు. ఆరు వారాలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి అడగండి. "నచ్చిందా?" అని కాదు, "గత నెలలో మీ వర్గం కానివాళ్లతో ఎన్నిసార్లు కలిసి చదువుకున్నారు?", "వివక్ష మాట విన్నప్పుడు ఏం చేశారు?" అని అడగండి. ఏ వర్గంలోనైనా జవాబిచ్చినవాళ్లు ఐదుగురికన్నా తక్కువైతే ఆ అంకెను విడిగా ప్రకటించకండి. ఇంకో మాట: మంచి శిబిరం తర్వాత వివక్ష ఫిర్యాదులు పెరగవచ్చు. అంతకుముందు చెప్పుకోనివాళ్లు ఇప్పుడు చెబుతున్నారని దానర్థం. అంకె పెరిగిందని శిబిరాన్ని రద్దు చేసిన అధికారులకు ఇది కాస్త అర్థం కావాలి.

మా డిమాండ్లు

పై విషయాలన్నీ ఒక్కసారే అమలు కావని మాకు తెలుసు. వచ్చే శిబిరానికి ముందే జరిగి తీరాల్సినవి ఇవి:

(అ) అందరి ముందూ అడుగులు వేయించే ప్రివిలేజ్ వాక్‌ను, కళ్ల రంగు తరహా అవమాన ప్రయోగాలను ఆపేయాలి.

(ఆ) 12 మందికి ఇద్దరు చొప్పున శిక్షణ పొందిన ఫెసిలిటేటర్లను పెట్టాలి. శిక్షణ కనీసం 30 గంటలు ఉండాలి, అందులో మూడో వంతు నోరు జారిన సందర్భాల అభ్యాసానికే కేటాయించాలి. విద్యార్థి ఫెసిలిటేటర్లకు జీతమో, క్రెడిట్లో ఇవ్వాలి.

(ఇ) "పాస్" హక్కును, గోప్యత హద్దులను రాతపూర్వకంగా బయల్దేరడానికి వారం ముందే విద్యార్థులకు అందించాలి.

(ఈ) రాత్రి భోజనం తర్వాత స్వీయగాథల సెషన్లు పెట్టకూడదు.

(ఉ) హాజరుకు మార్కులు ముడిపెట్టకూడదు. పని పోగొట్టుకుని వచ్చే విద్యార్థులకు ఆ నష్టం భర్తీ చేయాలి.

(ఊ) శిబిరంలో విద్యార్థులు లేవనెత్తిన ప్రతి సమస్యకూ 30 రోజుల్లో సంబంధిత అధికారి సంతకంతో జవాబు ఇవ్వాలి. చేయగలిగేది, చేయలేనిది, ఎందుకు చేయలేనిది అన్నీ అందులో ఉండాలి. ఆల్‌పోర్ట్ చెప్పిన నాలుగో షరతు, పైవాళ్ల మద్దతు, అంటే ప్రారంభోత్సవంలో ఐదు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోవడం కాదు.

(ఋ) శిబిరం ముగిశాక అదే గ్రూపులు అదే ఫెసిలిటేటర్లతో సెమిస్టర్‌లో కనీసం నాలుగుసార్లు కలిసేలా గది, సమయం, బడ్జెట్ కేటాయించాలి. దీనికి డబ్బు చాలకపోతే శిబిరాన్ని ఒక రోజు తగ్గించి ఆ డబ్బు ఇటు మళ్లించండి. మా వృత్తికి అది నష్టమే అయినా ఈ మాట మేమే అంటున్నాం.

ఈ ఏడింటికీ, మీరు వచ్చే సెమిస్టర్ షెడ్యూలు ఖరారు చేసేలోగా, అంశాలవారీగా జవాబు ఇవ్వండి. (అ), (ఆ), (ఇ)లకు ఒప్పుకోని శిబిరాలకు ఇకపై ఫెసిలిటేటర్లుగా రాకూడదని, అలాంటి వాటికి మేం శిక్షణ ఇచ్చిన విద్యార్థులను పంపకూడదని నిర్ణయించుకున్నాం. ఒప్పుకున్న కళాశాలలకు పైన చెప్పిన పన్నెండు వాక్యాల కాగితం, గోప్యత పేజీ నమూనా, ఆరు వారాల ప్రశ్నావళి ఉచితంగా ఇస్తాం. అడిగితే ఏ విభాగానికైనా వచ్చి ఒక పూట చేసి చూపిస్తాం.

ఇట్లు,
విద్యార్థి శిబిరాల ఫెసిలిటేటర్లు, శిక్షకులు